కంచె చేను మేయకుండ

‘కంచె చేను మేసినట్లు’ అన్న సామెత పొలం గట్టున పుట్టినది. పశువులు పడకుండ రైతు కంచె వేస్తాడు. ఆ కంచెయే పైరును తినివేస్తే రైతు ఎవరితో మొరపెట్టుకొంటాడు? పొలంతోను, పైరుతోను ఏ సంబంధమూ లేని ఒక నిదర్శనం ఈ సామెతకు గిటారు చరిత్రలో ఉన్నది. వాద్యం మీద గీతలు పడకుండ అతికించిన ఒక చిన్న రేకు, కొన్ని దశాబ్దాలు గడిచేసరికి ఆ వాద్యం పలకనే చీల్చినది. ఎందుకు చీల్చినది, ఈనాడు అటువంటి రేకును అతికించదలచినవారు ఏమి తెలుసుకొనవలె అన్నదే ఈ వ్యాసంలోని విషయం.

ఉప్పల్, నాచారం పరిసరాలలో గిటారు ఇప్పుడు వింత వస్తువు కాదు. కళాశాల గేటు ముందు నిలిచినా, ఉప్పల్ స్టేషనులో మెట్రో రైలు ఎక్కినా, వీపున నల్లని గిటారు సంచి తగిలించుకొన్న విద్యార్థి ఒకరైనా కనిపిస్తారు. ఆ సంచిలోని వాద్యాన్ని పరికించి చూడండి. దాని ముఖంలో గుండ్రని నాదరంధ్రం ఉన్నది. దాని కింది వైపున, సన్నని తంత్రుల పక్కన, కన్నీటి చుక్క ఆకారంలో తాబేటి చిప్ప రంగులోనో, నలుపు రంగులోనో ఒక పలుచని రేకు అంటి ఉంటుంది. దీనినే పిక్‌గార్డు అంటున్నారు. తంత్రులను మీటడానికి వ్రేళ్ళ మధ్య పట్టుకొనే చిన్న ప్లాస్టిక్ బిళ్ళ పిక్. మీటిన ప్రతిసారీ దాని కొన కిందికి జారి పలకను గీరుతుంది. ఆ గీరుడును తన మీద వేసుకోవడమే పిక్‌గార్డు పని. మన భాషలో దీనికి పేరు స్థిరపడలేదు. ఈ వ్యాసం వరకు ‘మీటు కవచం’ అనుకొందాము.

కవచం లేకపోతే ఏమవుతుందో తెలుసుకోవడానికి ప్రసిద్ధమైన ఉదాహరణ ఒకటి ఉన్నది. అమెరికా గాయకుడు విల్లీ నెల్సన్ 1969లో మార్టిన్ కంపెనీ తయారుచేసిన ఒక నైలాన్ తంత్రుల గిటారును సంపాదించినారు. అది వ్రేళ్ళతో మీటడానికి ఉద్దేశించిన వాద్యం కాబట్టి దానికి కవచం లేదు. ఆయన దానిని పిక్‌తోనే వాయిస్తూ వచ్చినారు. ఏళ్ళు గడిచేకొద్దీ నాదరంధ్రం పక్కన పలక అరిగి అరిగి, చివరకు మరొక రంధ్రమే పడినది. ‘ట్రిగ్గర్’ అని ఆయన ముద్దుపేరు పెట్టుకొన్న ఆ గిటారు ఆ రంధ్రంతోనే లోకప్రసిద్ధి పొందినది. గిటారు పై పలక మందం సాధారణంగా మూడు మిల్లీమీటర్లకు మించదు. దాని మీది మెరుగుపూత మందం మిల్లీమీటరులో సుమారు పదవ వంతు. ఇంత పలుచని దానికి రక్షణ కావాలనుకోవడం అతిజాగ్రత్త కాదు.

ఆ మెరుగుపూతనే లాకరు అంటారు. ఈ పదం పరాయిదిగా కనిపించినా దీని వేరు మన దేశంలోనే ఉన్నది. సంస్కృతంలో ‘లాక్షా’, తెలుగులో ‘లక్క’. మోదుగు, రేగు వంటి చెట్ల కొమ్మలను ఆశ్రయించి ఒక చిన్న పురుగు స్రవించే జిగురే లక్క. ఈ మాట దేశాంతరాలకు పోయి, ఐరోపా భాషలలో ‘లాక్’ అయి, ‘లాకరు’ అయి, వేషం మార్చుకొని తిరిగి మన ఇంటికి వచ్చినది. విశాఖ ప్రాంతంలో, వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక గ్రామంలో ఈనాటికీ అంకుడు కర్రను తరిణె మీద తిప్పుతూ రంగు లక్కను దానికి ఆనించి బొమ్మలు చేస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రను పట్టుకొంటుంది. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. భారతం చదివినవారికి లక్క మరొక గుణం కూడ తెలుసును. వారణావతంలో పాండవులను దహించడానికి కట్టించిన ఇల్లు లక్క ఇల్లే కదా! మెరుగు ఎంతో, మంట అంత.

అయితే నేటి గిటారు మీది లాకరులో లక్క లేదు, పేరు మాత్రమే మిగిలినది. ఇది ప్రత్తి నుండి పుట్టినది. ప్రత్తినారను నత్రికామ్లంతో సంస్కరిస్తే నైట్రోసెల్యులోజు అనే పదార్థం ఏర్పడుతుందని రసాయన శాస్త్రవేత్త షోన్‌బైన్ 1846లో వెల్లడించినారు. తీవ్రంగా సంస్కరిస్తే అది తుపాకి మందు. మితంగా సంస్కరించి ద్రావకాలలో కరిగిస్తే అద్దంవంటి పూత. దానికే కర్పూరం కలిపి అమెరికాలో జాన్ హయత్ 1870 ప్రాంతంలో సెల్యులాయిడ్ అనే తొలితరం ప్లాస్టిక్‌ను తయారుచేసినారు. 1923లో డ్యూపాంట్ కంపెనీ ‘డ్యూకో’ అనే పేరుతో నైట్రోసెల్యులోజు పూతను మోటారు కార్ల కోసం విడుదల చేసినది. అంతకు ముందు రోజుల తరబడి ఆరవలసిన రంగు గంటలలో ఆరసాగినది. ఆ దశాబ్దంలోనే గిటారు తయారీదారులు కూడ దీనిని చేపట్టినారు. మన వడ్రంగులు, కారు రంగులవారు ఈనాటికీ ‘డ్యూకో’ అంటారు. ఆ మాట ఒక కంపెనీ పెట్టిన పేరని వారిలో ఎంతమంది ఎరుగుదురో! పేరు పోయి పని మిగలడం లోకసహజం. ఇక్కడ పని మారి పేరు మిగిలినది.

ఇక కంచె చేను మేసిన కథకు వద్దాము. మార్టిన్ 1833లో స్థాపితమైన అమెరికన్ గిటారు సంస్థ. చాలకాలం వారి పద్ధతి ఏమంటే, పూత వేయకముందే వట్టి కర్ర మీద సెల్యులాయిడ్ కవచాన్ని గట్టిగా అతికించి, ఆ తరువాత కర్రకూ కవచానికీ కలిపి లాకరు వేయడం. చూపుకు అది ఎంతో పొందికగా ఉండేది. కాని సెల్యులాయిడ్‌లోని కర్పూరం ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా గాలిలో కలిసిపోతుంది. మన పూజామందిరంలో మూత తీసి ఉంచిన కర్పూరం హరించుకుపోవడం చూస్తూనే ఉన్నాము. కర్పూరం పోయిన సెల్యులాయిడ్ ముడుచుకొంటుంది. అది కర్రను వదలదు. కర్రను తనతో లాగుతుంది. కర్ర ఎంతకాలం ఓర్చగలదు? కవచం అంచు వెంట, బ్రిడ్జి నుండి నాదరంధ్రం వైపు సన్నని చీలిక పడుతుంది. పాత మార్టిన్ గిటార్లలో ఈ చీలిక ఎంత తరచుగా కనిపించినదంటే, బాగుచేసేవారు దానికి ‘మార్టిన్ చీలిక’ అని పేరే పెట్టినారు. 1980ల మధ్యకాలంలో ఆ సంస్థ పద్ధతి మార్చుకొన్నది. ముందు కర్రకు పూత, ఆ పూత పైన జిగురు రేకుతో కవచం. కవచానికీ కర్రకూ నడుమ పూత అడ్డుగా నిలిచినది.

కర్ర బ్రతికినది, కాని ప్రశ్న అంతటితో తీరలేదు. ఇప్పుడు జిగురు పట్టుకొనేది కర్రను కాదు, లాకరును. మరి లాకరు స్వభావం ఏమిటి?

మా కళాశాలలో చదివిన ఒక విద్యార్థికి విదేశంలో ఉన్న మేనమామ తన పాత గిటారును ఇచ్చినాడు. దానికి మళ్ళీ కొత్తగా లాకరు వేయించినారు. పాత కవచం ఊడిపోయినందున కొత్తది తెప్పించుకొన్నాడు. వెనుక కాగితం ఒలిచి అంటించే రకం. వాళ్ళ నాన్న నాచారంలో ఫర్నిచరుకు పాలిష్ చేసే పనివాడు. కొడుకు తొందర చూసి ఆయన నాతో అన్న మాట ఇది: “కొత్త పాలిష్ మీద ఏదీ అంటించొద్దు సార్. పైకి ఆరినట్టే ఉంటది గాని, లోపల ఇంకా గుంజుకుంటనే ఉంటది.” రసాయన గ్రంథాలు అరపుటలో చెప్పే విషయాన్ని ఆయన ‘గుంజుకుంటది’ అన్న ఒక్క క్రియలో చెప్పినాడు. నైట్రోసెల్యులోజు లాకరు గట్టిపడడానికి రసాయనిక చర్య ఏదీ అవసరం లేదు. అందులోని ద్రావకం ఎగిరిపోతే చాలును. చేతికి అంటకుండ ఆరడానికి కొద్ది నిమిషాలు పడుతుంది. లోపలి ద్రావకం పూర్తిగా పోవడానికి వారాలు పడుతుంది. పోతున్నంతకాలం పూత పలుచబడుతూ ముడుచుకొంటూ ఉంటుంది. ఆ దశలో పైన ప్లాస్టిక్ రేకు అంటిస్తే ద్రావకానికి దారి మూసినట్లవుతుంది. కింద పూత మెత్తబడి, జిగురుతో కలిసిపోతుంది. తరువాత ఎన్నడైనా రేకును తీయబోతే పూత కూడ ఊడివస్తుంది. ఆ కుర్రవాడు నెల రోజులు ఆగినాడు. మేనమామ వాయించిన చేతి గుర్తు ఉన్న వాద్యం అది. కొత్తది కొనుక్కోవచ్చునుగాని దానిని తిరిగి కొనలేము.

లాకరు మీద జిగురు పట్టవలె, కాని లాకరును పెరకరాదు. ఈ చిక్కు గిటారుకే పరిమితం కాదు. ఈనాటి జిగురుపట్టీల పుట్టుకయే ఈ చిక్కు నుండి జరిగినది. 1920లలో కార్లకు రెండు రంగులు వేయడం వాడుకగా మారినది. ఒక రంగు వేసేటప్పుడు రెండవ భాగాన్ని కాగితంతో కప్పి పట్టీలు అంటించేవారు. వాటిని తీసేటప్పుడు వేసిన రంగు పెచ్చులుగా లేచిపోయేది. త్రీఎం కంపెనీలో పనిచేస్తున్న రిచర్డ్ డ్రూ అనే యువకుడు రంగుల పనివారి అవస్థ కళ్ళారా చూసి, పట్టుకొని ఉండి, లాగినపుడు మెత్తగా విడిచే జిగురు కోసం శ్రమించి 1925లో మాస్కింగ్ టేపును తయారుచేసినాడు. ఒత్తిడితో అంటుకొనే జిగురుకు గల విశేషం ఇదే. అది ఆరి గట్టిపడదు. ఎప్పటికీ అతి చిక్కని ద్రవంవలె ఉండి, ఒత్తినపుడు ఉపరితలపు సూక్ష్మమైన ఎత్తుపల్లాలలోనికి పారి పట్టుకొంటుంది. మంచి కవచాల వెనుక ఉండేది ఇటువంటి ఆక్రిలిక్ జిగురే. ఉప్పల్ రోడ్డు మీద తార్నాక వద్ద ఉన్న భారతీయ రసాయన సాంకేతిక సంస్థ 1944లో హైదరాబాదు రాజ్యపు కేంద్ర ప్రయోగశాలగా మొదలైనది. పాలిమర్లు, పూతలు అక్కడి పరిశోధనాంశాలలో ఉన్నవి. ఆ గోడ పక్కగా రోజూ బస్సులో పోయే విద్యార్థులు, తమ గిటారు మీది జిగురూ మెరుగూ కూడ ఆ శాస్త్రానికే చెందినవని గ్రహిస్తే, పాఠ్యపుస్తకంలోని రసాయన శాస్త్రం కొంత దగ్గరవుతుంది.

ఇక అతికించే క్రమం. మొదట వాద్యం మీది పూత ఏదో తెలుసుకోవలె. తక్కువ వెల గిటార్లకు సాధారణంగా పాలియురిథేను, పాలియెస్టరు పూతలు ఉంటాయి. అవి గట్టివి, ద్రావకాలకు సులభంగా లొంగవు. పాత గిటార్లకు, ఖరీదైన వాటికి లాకరు ఉండే అవకాశం ఎక్కువ. సందేహం ఉంటే లాకరుగానే భావించి జాగ్రత్త పడడం మేలు. లాకరు కొత్తదైతే కనీసం నెల రోజులు ఆగవలె. నాదరంధ్రం వద్ద ముక్కు పెట్టి చూసినపుడు థిన్నరు వాసన వస్తున్నంతవరకు తొందరపడరాదు.

రెండవది శుభ్రత. చేతి చమురు, మైనపు పాలిష్ ఉన్నచోట జిగురు పట్టదు. తడిపి పిండిన మెత్తని గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఒత్తవలె. చమురు మొండిగా ఉంటే సిగరెట్టు లైటర్లలో పోసే నాఫ్తాను గుడ్డకు కొద్దిగా తగిలించి, మొదట కనబడని మూల పరీక్షించి, మంటకు దూరంగా, గాలి ఆడేచోట వాడవచ్చును. థిన్నరు, అసిటోను మాత్రం దరి చేరరాదు. అవి లాకరును క్షణంలో కరిగిస్తాయి. స్పిరిటు, చేతులకు రాసుకొనే శానిటైజరు కూడ హాని చేస్తాయి. లక్కతో మెరుగు పెట్టిన గిటార్లకు స్పిరిటే మొదటి శత్రువు.

మూడవది స్థానం. వెనుక కాగితం ఒలవకముందే తంత్రులను వదులు చేసి, కవచాన్ని వట్టిగా పెట్టి చూసుకోవలె. నాదరంధ్రం చుట్టూ ఉండే అలంకారపు వలయాన్ని ఆనుకొని, బ్రిడ్జికి, అనగా మన వీణలో గుర్రం అనే భాగానికి తగలకుండ ఉండవలె. పాత కవచపు నీడ పలక మీద ఉంటే కొత్తది దానిని పూర్తిగా కప్పవలె. లాకరు వెలుగుకు పసుపెక్కుతుంది. కవచం కింద ఎండ తగలని భాగం తెల్లగా నిలిచిపోతుంది. కావున ఒకసారి కవచం పెట్టిన గిటారు కొన్నేళ్ళకు దాని ఆనవాలును తన ఒంటి మీద ఉంచుకొంటుంది. అంటించాలా వద్దా అన్న నిర్ణయం తీరికగా చేయవలసినది ఇందుకే. పిక్ వాడక కేవలం వ్రేళ్ళతో మీటేవారికి దాని అవసరమే తక్కువ.

నాలుగవది అంటించడం. ఇందులో బళ్ళకు రేడియం స్టిక్కర్లు అంటించే కుర్రవాళ్ళే గురువులు. వారు సబ్బునీళ్ళు చల్లి స్టిక్కరును జరుపుకొంటూ సరిపెట్టి, తరువాత నీటిని బయటికి తోస్తారు. కవచానికీ అదే ఉపాయం. గ్లాసెడు నీటిలో ఒకటి రెండు చుక్కల సబ్బు కలిపి, జిగురు వైపు పలుచగా చిలకరించి, స్థానంలో పెట్టి, సరిగా ఉన్నదని తేలిన తరువాత నడుమ నుండి అంచులకు మెత్తని గుడ్డతో ఒత్తుకొంటూ పోవలె. నీరు కవచానికే గాని వాద్యానికి కాదు. నాదరంధ్రపు అంచున ఉండే వట్టి కర్రకు తడి తగలనీయరాదు. పలక మీద పూత పగుళ్ళు ఉంటే ఈ పద్ధతి మానుకొని పొడిగానే, ఒక అంచు నుండి క్రమంగా ఆనించుకొంటూ పోవడం మంచిది. ఒక పూట గడిచిన తరువాతనే వాయించవలె.

ఐదవది వాతావరణం. మన హైదరాబాదులో మే నెలలో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది, గాలి పొడిబారి కర్ర ముడుచుకొంటుంది. వానాకాలంలో అదే కర్ర తేమ పీల్చి ఉబ్బుతుంది. పూత వేసే పనివారికి వానాకాలం ఇంకొక చిక్కు. ఆరుతున్న లాకరులో తేమ చిక్కుకొని తెల్లని పొర కడుతుంది. అంటించే పనికి ఎక్కువ ఉక్కగాని, మండుటెండగాని లేని రోజు మేలు. మూసిన కారులో ఎండలో ఉంచిన గిటారుకు కవచం అంచులు లేవడం, జిగురు జారడం సహజం.

తీయవలసి వస్తే బలప్రయోగం కూడదు. జుట్టు ఆరబెట్టే డ్రయ్యరుతో గోరువెచ్చగా వేడి చూపి, ఒక మూల మెల్లగా లేపి, కర్ర ఈనెలు పోయే దిక్కుగా, పలకకు ఆనుకొన్నట్లు తక్కువ కోణంలో లాగుతూ పోవలె. వేడి ఎక్కువైతే లాకరు బుడగలు కడుతుంది. విలువైన వాద్యమైతే ఈ పని అనుభవజ్ఞుడికి అప్పగించడమే వివేకం. మరొక హెచ్చరిక. మెత్తని వినైల్ ప్లాస్టిక్‌లో దానిని మెత్తబరచడానికి కలిపే నూనెవంటి ద్రవ్యం ఉంటుంది. అది మెల్లగా లాకరులోనికి దిగి దానిని బంకబంకగా మార్చుతుంది. గిటారును నిలబెట్టే స్టాండుల రబ్బరు, భుజాన వేసుకొనే వినైల్ పట్టీ కూడ ఇదే హాని చేస్తాయి. కాబట్టి లాకరు గిటారుకు పనికివస్తుందని తయారీదారు చెప్పిన కవచాన్నే ఎంచుకోవలె.

ఇన్ని జాగ్రత్తల వెనుక ఉన్న సూత్రం ఒక్కటే. రక్షించేది ఏదైనా, రక్షింపబడేదాని కదలికకు చోటివ్వవలె, అవసరమైన నాడు హాని లేకుండ తొలగిపోవలె. ఈ సూత్రం మన వైణికులకు కొత్త కాదు. బొబ్బిలి వీణను చూడండి. దాని ఇరువది నాలుగు మెట్లనూ మసి కలిపిన మైనంలో నిలుపుతారు. మేకులు కొట్టరు, వజ్రపు జిగురు పూయరు. కొన్నేళ్ళకు స్వరస్థానాలు చెదిరితే, మైనాన్ని మెత్తబరచి మెట్లను సవరించి మళ్ళీ మేళం కడతారు. గట్టిగా పట్టడమే కాక, తగిన సమయంలో విడవడం కూడ మంచి బంధానికి లక్షణమని ఆ పనివారు ఎన్నడో గుర్తించినారు.

నాచారం అనగానే పెద్దలకు నందమూరి తారక రామారావు అక్కడ నెలకొల్పిన రామకృష్ణ సినీ స్టూడియో గుర్తుకు వస్తుంది. ఆ సంస్థ పేరుననే 1977లో ‘దాన వీర శూర కర్ణ’ వెలువడినది. కర్ణుని కవచం సహజమైనది, శరీరంతో పుట్టినది. దానిని ఇంద్రునికి ఇవ్వడానికి తన దేహాన్నే కోసుకోవలసివచ్చినది. ఒంటితో ఒకటైన కవచాన్ని తీయడమంటే అంతటి బాధ. పాత గిటార్ల సెల్యులాయిడ్ కవచం అటువంటిదే. కర్రతో ఒకటై, కర్రను చీల్చినది. మానవులు చేసే కవచాలు సహజకవచాలు కావడానికి ప్రయత్నించనవసరం లేదు. యోధుడు సాయంకాలం విప్పి పక్కన పెట్టుకొనే కవచం వంటివైతే చాలును.

ఈ సెలవులలో కవచం అంటించదలచిన విద్యార్థులు ముందుగా ఒక కాగితం తీసుకొని ఆ ఆకారాన్ని కత్తిరించి, తంత్రుల కింద పెట్టి, నాలుగు రోజులు వాయించి చూడండి. పిక్ ఎక్కడ తగులుతున్నదో కాగితం మీది గీతలే చెప్తాయి. గీతలు పడిన మేరకే కంచె అవసరం. గీతలు పడకపోతే ఆ చేనుకు కంచె లేకున్నా నష్టం లేదు.